మంచం మీది నుంచి లేపే ఉద్యోగం

క్యాన్సర్ వచ్చినవాళ్లతో వ్యాయామం చేయించడం నా వృత్తి అని చెబితే, పెళ్లిళ్లలో నా పక్క కుర్చీ ఖాళీ అయ్యేది. కొందరు ఆ పని అంటుకుంటుందేమోనని లేచిపోయేవారు. ఇంకొందరు "పాపం, గా మనుషులను పండుకోనియ్యరాదా?" అని నన్ను మందలించి మరీ లేచిపోయేవారు. నా లెక్కలో రెండో రకమే చాలా ఎక్కువ. మీరు ఈ వృత్తిలోకి వస్తే జబ్బుతో మీకు పని తక్కువ పడుతుంది. పనంతా ఈ రెండో రకం మనుషులతోనే.

బొటనవేళ్ల కీళ్లు అరిగిపోవడంతో యాభై దాటగానే పని మానేశాను. ఫిజియోథెరపీ చదివి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి "మేడమ్, ఎట్లా మొదలుపెట్టిండ్రు?" అని అడుగుతుంటారు. వాళ్లకు చాయ్ ఇచ్చి నోటితో చెప్పేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. సర్టిఫికెట్లు, అనుమతుల సంగతి రాయను. అవి మీకే తెలుస్తాయి.

బోర్డు

నా మొదటి గది కరీంనగర్‌లో ఒక ఎముకల ఆసుపత్రి వెనక ఉండేది. అంతకుముందు అందులో సిమెంటు కట్ల సామాను పడేసేవారు. ఆ ఆసుపత్రి యజమానిని పెద్దసారు అనేవాళ్లం. విరిగిన కాలికైనా, క్యాన్సర్‌కైనా పడుకోవడమే మందు అని ఆయన గట్టి నమ్మకం. అయినా గది ఇచ్చాడు.

"నాకు తెల్వదమ్మా. నువ్వు చేసి సూపెట్టు. ఎవడన్న కిందవడితె కట్టు మాత్రం నేనే కడ్త."

నేను చూసిన పెద్ద డాక్టర్లలో 'నాకు తెల్వదు' అన్నవాళ్లు చాలా తక్కువ. అలా అనగలిగినవాళ్ల దగ్గర పని దొరికితే వదలకండి.

మొదట "క్యాన్సర్ రోగులకు వ్యాయామ కేంద్రం" అని బోర్డు రాయించాను. జనం ఆ బోర్డు చూసి రోడ్డుకు అవతలి వైపు నుంచి నడిచేవారు. నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎక్స్‌రే గదిలోంచి వెనక దారిన, మొహానికి కొంగు అడ్డం పెట్టుకొని వచ్చేవారు. మొహమాటపడి 'క్యాన్సర్' అన్న మాట తీయించి, ఉత్త "వ్యాయామ కేంద్రం" అని ఉంచాను. మర్నాటి నుంచి కుర్రాళ్లు రావడం మొదలైంది. ఛాతీ ఎన్ని రోజుల్లో వస్తుంది, ఏ పౌడరు తాగాలి అని అడిగేవారు. ఒకతను చెప్తే వినకుండా లోపలికి వచ్చి ఇసుక సంచీ ఎత్తడం మొదలుపెట్టాడు. పక్కన సుల్తానాబాద్ నుంచి వచ్చిన ఒక అవ్వ కుర్చీలోంచి లేచి కూర్చోవడం సాధన చేస్తోంది. ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసి ఎంతో ప్రేమగా అడిగింది.

"నీకు ఏడ లేసింది బిడ్డా, క్యాన్సరు?"

ఇసుక సంచీని నా కాలి మీద వదిలేసి వెళ్లిన మనిషి మళ్లీ కనిపించలేదు.

చివరికి మూడో బోర్డు మీద "కుర్చీల గది" అని రాయించాను. లోపల ఉన్నవి అవే. అప్పటి నుంచి మనుషులు తల ఎత్తుకొని ముందు గుమ్మంలోంచి వచ్చారు. ఊరంతా నన్ను కుర్చీల మేడమ్ అన్నది. కొందరు కుర్చీలు అద్దెకు కూడా అడిగారు. సంస్థకు పేరు పెట్టేటప్పుడు మీరేం చేస్తారో చెప్పేది కాదు, రోగి ఎదురింటివాళ్ల ముందు అనడానికి సిగ్గుపడనిది పెట్టండి.

కొలతలు

క్యాన్సర్‌కు వ్యాయామం అన్న పాఠం నా చదువులో లేదు. పుస్తకాలు తెప్పించుకొని, నిఘంటువు పక్కన పెట్టుకొని నేనే నేర్చుకున్నాను. వాటి నిండా నడక యంత్రాలు, గుండె వేగం చూపే పట్టీలు. నా దగ్గర ఉన్నది కుర్చీలు, ఒక వరండా. అందుకని ప్రతిదాన్నీ ఇక్కడి కొలతలోకి మార్చుకోవలసి వచ్చింది.

మాట్లాడగలిగినంత వేగంగా నడిపించాలి, పాట పాడగలిగితే వేగం చాలదు అని పుస్తకం చెప్పింది. మావాళ్లు పాట పాడమంటే మొదలే పాడరు. కాబట్టి భార్యను పక్కన నడిపించేదాన్ని. నడుస్తూ ఆమెతో కొట్లాడగలిగితే వేగం సరైనది. నోట మాట రాకపోతే ఎక్కువైంది. కొట్లాటలో గెలుస్తున్నాడంటే తక్కువైంది. ఇంతకంటే నమ్మకమైన యంత్రం నాకు దొరకలేదు.

అంచనాలకు కూడా ఒక లెక్క ఉంది. ఎంత నడిచావని అడిగితే రోగి చెప్పిన దానిలో సగం తీసుకోవాలి. అతను ఎంత తిన్నాడని భార్యను అడిగితే ఆమె చెప్పినదాన్ని రెట్టింపు చేయాలి. తల్లి చెప్తే దేన్నీ లెక్కలోకి తీసుకోవద్దు.

నవ్వుతాలు వద్దు అనే చోటు ఒకటుంది. జ్వరం ఉన్నరోజు, రక్తకణాలు బాగా పడిపోయినరోజు, కొత్తగా ఆయాసమో కళ్లు తిరగడమో మొదలైనరోజు వ్యాయామం లేదు, నేరుగా డాక్టరుకు ఫోను. జబ్బు ఎముకలోకి వెళ్లిందేమో, వెళితే ఏ ఎముకలోకో తెలుసుకోకుండా మనిషి మీద చెయ్యి వేయొద్దు. ఈ విషయంలో మీకు ధైర్యం ఎక్కువని ఎవరైనా మెచ్చుకుంటే భయపడండి.

ఇంక ఈ పని అసలు ఏమిటో నాకు తెలిపిన కేసు చెప్తాను.

ఓదెలును మోయడం

ఓదెలు బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పెద్దపేగులో క్యాన్సర్. ఆపరేషన్ అయింది. తర్వాత కొన్ని విడతలు కీమో మందు ఎక్కించాలి. సగం విడతలయ్యాక అతన్ని మంచంతో సహా ట్రాలీ ఆటోలో కరీంనగర్ తీసుకొచ్చారు. క్యాన్సర్ డాక్టరమ్మ ఆ మంచం చూసి మందు ఎక్కించనంది.

"ఇంత నీరసంగా ఉన్న మనిషికి ఎక్కిస్తే మందే పడగొడుతుంది. మూడు వారాలు చూస్తాను. తన కాళ్ల మీద తాను నడిచి నా గదిలోకి రావాలి. రాకపోతే ఈ మందు ఇక్కడితో ఆపేయాలి."

ఆపితే జబ్బు తిరిగి రావడానికి దారి తెరిచినట్టే అని కూడా చెప్పింది. ఓదెలు భార్య మధునమ్మ ఆ మాట పట్టుకొని అదే ట్రాలీలో నా దగ్గరికి వచ్చింది. మంచం నా గుమ్మంలో పట్టలేదు. బయటే మాట్లాడాను.

"రోజూ ఎంత నడుస్తున్నాడమ్మా?"

"నడుసుడా? మావోళ్లు కాలు కింద పెట్టనిస్తలేరు మేడమ్. బాత్రూముకు పోతాంటె గూడ నా తమ్ముడు ఎత్తుకపోతుండు."

మంచం మీది నుంచి ఓదెలు అన్నాడు: "పెండ్లినాడు గూడ నన్ను గింత మొయ్యలే."

ఆ తమ్ముడు కొమురయ్య పక్కనే ఉన్నాడు. రైసుమిల్లులో బస్తాలు ఎత్తే మనిషి, మంచి ఒడ్డూ పొడుగూ. మోయడం తప్ప ప్రేమ చూపడానికి అతనికి ఇంకో దారి తెలియదు.

"బావ బరువే లేడు మేడమ్. పువ్వు లెక్కున్నడు."

"అదే కదా రోగం. ఒంట్లో కండ పోయింది కాబట్టి పువ్వులాగున్నాడు. నువ్వు ఎత్తిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. ఇక ఎత్తొద్దు."

కొమురయ్య కళ్లనీళ్లు పెట్టుకొని ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఎవరూ చూడనప్పుడు మాత్రమే ఎత్తాడు.

పండుకుంటేనే ఏడుపు

వాళ్లుండేది బొగ్గు కంపెనీ క్వార్టర్లలో. మర్నాడు నేనే వెళ్లాను. ఫ్రిజ్ మీద గోడలాగా బ్రెడ్డు ప్యాకెట్లు. మంచం కింద కొబ్బరి బోండాలు. మన దగ్గర రోగిని చూడ్డానికి వచ్చేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. బ్రెడ్డు తేవాలి, మంచం పక్కన కూర్చోవాలి, ఏడవాలి, చాయ్ తాగాలి. ఇందులో రోగి చేయవలసింది ఒక్కటే, పడుకొని ఉండడం.

నేను ఓదెలును కుర్చీ అంచుకు జరిపి, పాదాలు వెనక్కి పెట్టించి, ముందుకు వంచి లేపాను. వణుకుతూ లేచాడు. సరిగ్గా అప్పుడే ఇంటి ముందు జీపు ఆగింది. చెన్నూరు నుంచి అతని పెద్దక్క పోశవ్వ దిగింది. గేటు దగ్గరే శోకం ఎత్తుకున్న మనిషి, గుమ్మంలోకి వచ్చి ఠక్కున ఆపేసింది.

"ఏందిరో, నిలవడ్డవ్?"

"నిలవడ్డనే అక్కా."

"పానం బాగలేదంటిరి?"

"బాగనే లేదు."

"బాగలేనోడు నిలవడ్తడా? నేను జీపు మాట్లాడుకొని, చెన్నూరు కాంచి తొవ్వపొడుగూత ఏడ్సుకుంట వస్తి. ఇప్పుడు నేనేం జెయ్యాలె?"

"ఏడువరాదూ. ఎవరొద్దన్నరు?"

"నిలవడ్డోని మీద పడి ఎట్ల ఏడుద్దురా? పండుకో ముందుగాల!"

ఓదెలు నా వైపు చూశాడు. నేను లోపల లెక్క వేసుకున్నాను. కుర్చీలోంచి లేవడం కంటే మంచంలో పడుకొని లేవడానికి పని ఎక్కువ. పొట్ట, తొడ, భుజం అన్నీ పలుకుతాయి.

"పడుకోండి" అన్నాను.

పడుకున్నాడు. పోశవ్వ అతని ఛాతీ మీద తల పెట్టి, రాగాలు తీస్తూ, చిన్నప్పుడు రేగుపళ్లు దొంగిలించిన సంగతి నుంచి మొదలుపెట్టి తృప్తిగా ఏడ్చింది. మొహం తుడుచుకొని "మధునీ, చాయ్ పెట్టవూ" అంది.

"ఇప్పుడు పక్కకు తిరిగి, చేత్తో నొక్కి లేవండి" అన్నాను నేను.

లేచాడు. అప్పుడు పోశవ్వ కోడలు ముందుకు వచ్చింది. ఆమె ఇంకా ఏడవలేదు. మళ్లీ పడుకున్నాడు. తర్వాత జీపులో వచ్చిన మేనత్త, ఆమె బిడ్డ, ఆ బిడ్డ ఆడబిడ్డ. జీపు నిండుగా వచ్చినందుకు మొదట విసుక్కున్న నేనే, చివరికి "ఇంక ఎవరన్నా ఉన్నారా?" అని గేటు దాకా వెళ్లి చూశాను. జీపు డ్రైవరు ఒక్కడే మిగిలాడు. అతనికి ఓదెలు ఎవరో తెలియదు. అయినా పోశవ్వ మాట కాదనలేక వచ్చి, మంచం పక్కన నిలబడి, తల వంచుకొని వెళ్లాడు.

నా గదిలో బతిమాలి చేయిస్తే వారంలో కూడా కాని వ్యాయామం ఆ పొద్దున అయిపోయింది. ఊరి పద్ధతితో కొట్లాడకండి. ముందు పక్కన కూర్చొని, దానిలో కండకు పని ఎక్కడుందో చూడండి.

సాగనంపడం

రెండో రోజు నుంచి పథకం తయారు చేశాను. చుట్టాలు వస్తే పడుకోవాలి, వెళ్లేటప్పుడు లేచి సాగనంపాలి. మనవాళ్లు ఒక్కసారే వెళ్లిపోరు కదా. కూర్చొని "పోయొస్త" అంటారు, అది నిజం కాదు. నిలబడి అంటారు, అప్పుడు ఏదో గుర్తొస్తుంది. గుమ్మంలో అంటారు, అక్కడ అసలు మాట మొదలవుతుంది. గేటు దగ్గర అన్నాక మళ్లీ లోపలికి వచ్చి మంచినీళ్లు తాగుతారు. ఇంతసేపూ ఇంటివాడు నిలబడే ఉండాలి. ఇంత మర్యాదగా మనిషిని నిలబెట్టి ఉంచే వ్యాయామం ఏ పుస్తకంలోనూ లేదు.

చుట్టాలు మాత్రం ఒప్పుకునేవారు కాదు.

"నువ్వు రాకు తమ్మీ. పండుకో."

"నువ్వు పోనిదే ఎట్ల పండుకుంటనే? మేడమ్ ఊకోదు."

"నువ్వు పండుకోనిదే నేను ఎట్ల పోతరా?"

ఇద్దరూ అలా నిలబడిపోయేవారు. మొదట గుమ్మం దాకా, తర్వాత గేటు దాకా, తర్వాత నీళ్ల ట్యాంకు దాకా, చివరికి ఆటోల అడ్డా దాకా సాగనంపాడు. కొమురయ్య వెనకే చేతులు చాపుకొని నడిచేవాడు.

"గీ చుట్టాలు పొయ్యేదాక నేనే పోయేటట్టున్న మేడమ్" అని సణిగేవాడు ఓదెలు. సణగడానికి ఊపిరి ఉంది కాబట్టి నేను పట్టించుకోలేదు.

రెండో వారం చివర ఒక చిక్కొచ్చిపడింది. నేను దాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోలేదు. ఆటోల అడ్డా దాకా వచ్చి సాగనంపే మనిషికి రోగమేమిటని మాట పుట్టింది. జనం రావడం మానేశారు. ఫ్రిజ్ మీద బ్రెడ్డు అయిపోయింది. ఓదెలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"లేవండి, కొంచెం నడుద్దాం."

"ఎవల సాగదోలాలె మేడమ్? నిన్నా? నువ్వు రేపు మల్ల వస్తవు."

"రేపు రాను."

"వస్తవ్."

నిజమే, వస్తాను. డాక్టరమ్మ ఇచ్చిన గడువులో ఒక్క వారమే మిగిలింది. రెండు రోజులు అతను బాత్రూముకు తప్ప లేవలేదు. దానిక్కూడా లేచాడో, కొమురయ్య లేపాడో నాకు అనుమానమే. ఎక్కడం మొదలైన బలం ఆగితే ఎంత వేగంగా దిగిపోతుందో నాకు తెలుసు. మధునమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగింది.

"మందు ఆపేత్తరా మేడమ్?"

ఇంకా వారం ఉందని చెప్పి బయటికి వచ్చాను. వంటింటి గుమ్మం దగ్గరున్న కొమురయ్య ఆ ప్రశ్న విన్నాడు.

షామియానా

కొమురయ్య చేసింది చాలా చిన్న పని అని ఇప్పటికీ అంటాడు. ఆటోల అడ్డాలో, కల్లు దుకాణంలో "బావ పానం ఏం బాగలేదు" అని ఒక్కొక్క మాట వేశాడు, అంతే. చుట్టాలు మళ్లీ వస్తే బావ మళ్లీ లేస్తాడని అతని ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. కానీ ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లినప్పుడల్లా ప్రతివాళ్లూ కొంచెం కొంచెం కలుపుతారు. ఆ మాట కాలనీ అవతలి కొసకు చేరేసరికి ఓదెలు పోయాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి జనం మొహాలు వేలాడేసుకొని వస్తున్నారు. ఒకాయన సంచీలోంచి పూలదండ సగం బయటికి తీసి, వరండాలో చాయ్ తాగుతున్న ఓదెలును చూసి మళ్లీ లోపలికి తోశాడు. అప్పుడే టెంట్‌హౌస్ శంకర్ టేపు పట్టుకొని వచ్చాడు. వాకిలి పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. వరండాలో కుర్చీలో ఉన్న మనిషి జుట్టు రాలి, మంకీ క్యాప్ పెట్టుకొని, సగానికి చిక్కి ఉన్నాడు. శంకర్ గుర్తుపట్టలేదు.

"పెద్దాయనా, జర కాలు తియ్యి. గుంజ ఈడనే పాతాలె."

"ఎందుకు?" అన్నాడు ఓదెలు.

"షామియానాకు. ఓదెలన్న పోయిండట గద. మంచోడు పాపం."

"అట్లనా. కుర్చీలు ఎన్ని ఏస్తున్నవ్?"

"యాబై ఏస్త."

"యాబయ్యేనా?" ఓదెలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఇన్నేండ్లు బొగ్గుబాయిల పనిజేస్తి. నాకు యాబై మందేనారా వచ్చేది?"

శంకర్ ఆ గొంతు గుర్తుపట్టాడు. టేపు అక్కడే పడేసి పరుగెత్తాడు. ఓదెలు కుర్చీలోంచి లేచాడు. చేతులు ఆన్చకుండా, వణకకుండా, నేను రెండు వారాలుగా నేర్పాలనుకున్నట్టే లేచాడు. వంగి టేపు తీసుకొని గేటు దాటాడు.

టెంట్‌హౌస్ ఆటోల అడ్డాకు కూడా అవతల ఉంది. అంత దూరం అతను జబ్బు వచ్చాక నడవలేదు. నేను ప్లాస్టిక్ కుర్చీ చేత పట్టుకొని వెనక పడ్డాను. నా వెనక కొమురయ్య, అతని వెనక పరామర్శకు వచ్చినవాళ్లంతా, పూలదండ ఆయనతో సహా. ఎదురొచ్చినవాళ్లు ఈ ఊరేగింపు చూసి చెప్పులు విప్పి పక్కకు నిలబడ్డారు. ముందు నడుస్తున్నది ఎవరో చూసి మళ్లీ తొడుక్కున్నారు.

"బావా, జర ఆగు, ఎత్తుకుంట."

"ముట్టినవంటె చూడు! ఎవడు చెప్పిండురా నేను పోయిన్నని?"

"నేను బాగలేదన్న గంతే..."

"నీయవ్వ, నువ్వేనా!"

మధ్యలో ఆయాసం వచ్చినప్పుడల్లా కుర్చీ వేశాను. కూర్చొని తిట్టాడు, లేచి తిట్టాడు. తిట్టడానికి ఊపిరి చాలుతోంది, కానీ కొమురయ్యను పూర్తిగా ఓడించడానికి చాలడం లేదు. సరైన వేగమే.

దుకాణంలో శంకర్ మడతపెట్టిన గుడ్డల వెనక నిలబడి ఉన్నాడు.

"నీకు ఆర్డర్ ఎవడిచ్చిండు?"

"ఎవరియ్యలే అన్నా. మల్ల ఆగమాగం అయితదని ముందుగాల కొలుసుకున్న."

ఓదెలుకు ఈ జవాబు ఎందుకో న్యాయంగానే తోచింది. టేపు ఇచ్చేసి, నీళ్లు తాగి, కాసేపు కూర్చున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు శంకర్ తన ట్రాలీ ఆటోలో దింపుతానన్నాడు. ఆటోలో గుంజలు, తెల్లగుడ్డలు ఉన్నాయి.

"గా బండి ఎక్కి ఇంటికి పోతె మధునమ్మ పానం పోతది" అని ఓదెలు నడిచే వచ్చాడు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం టెంట్‌హౌస్‌కు వెళ్లి, గుమ్మంలో నిలబడి, "ఇంక ఉన్న, చూసుకో" అని చెప్పి వచ్చేవాడు. శంకర్ చాయ్ పోసేవాడు. కోపంతో మనిషి ఒక్కసారే నడుస్తాడు. చిన్న పంతం ఉంటే రోజూ నడుస్తాడు. మీ దగ్గరికి వచ్చిన ప్రతివారికీ అలాంటి పంతం ఒకటి దొరుకుతుందేమో వెతకండి. దొరక్కపోతే మీ మీదనైనా పుట్టించండి.

చక్రాల కుర్చీ

గడువు రోజు కరీంనగర్ వెళ్లాం. ఓదెలు, మధునమ్మ, కొమురయ్య, నేను. కారు దిగి ఓదెలు చొక్కా సవరించుకొని నడవబోతుంటే ఆసుపత్రి గుమ్మంలో వార్డుబాయ్ చక్రాల కుర్చీ అడ్డం పెట్టాడు.

"కీమో పేషెంటు నడువద్దు. కూసోవాలె."

"నడిచి రమ్మన్నదే మీ డాక్టరమ్మ" అన్నాడు ఓదెలు.

"ఆమె రూలు ఆమె గదిల. గుమ్మం కాడ నా రూలు. పేషెంటు పడితె నన్ను అంటరు."

"నేను పడ."

"పడనోనికి కీమో ఎందుకు?"

ఓదెలు టోకెన్ ఆ కుర్చీకి కట్టేశారట. ఖాళీ కుర్చీ లోపలికి పంపితే వార్డుబాయ్‌కి మాట వస్తుందట. అతన్ని కూర్చోబెట్టి తోసుకుపోతే డాక్టరమ్మ మందు ఆపేస్తుంది. వెనక జనం తోస్తున్నారు. అప్పుడు మధునమ్మ ముందుకు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

"మనిషే గద కావాలె. తోలుండ్రి."

కొమురయ్య చెయ్యి పిడి మీదికి వెళ్లింది. ఓదెలు దాన్ని కొట్టి తీసేసి తనే పట్టుకున్నాడు. నేలంతా చదునుగా ఉంది. పట్టుకోవడానికి పిడి ఉంది కాబట్టి చేతికర్ర కంటే మేలే అనుకున్నాను. అతని నడుం పట్టీ మీద నా చెయ్యి ఉంచి పక్కన నడిచాను. పొడుగాటి వరండా సగం దాటేసరికి మధునమ్మ తల పక్కకు వాలింది. ఈ మూడు వారాలూ ఊరందరికీ చాయ్ పెట్టిన మనిషి. ఎవరూ ఏమీ అడగని చోట కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. గురక కూడా మొదలైంది.

డాక్టరమ్మ గదిలోకి అలాగే వెళ్లాం. ఆమె లేచి వచ్చి, కుర్చీ పక్కన వంగి, మధునమ్మ మణికట్టు పట్టుకుంది. కనురెప్ప కిందికి లాగి చూసింది. మధునమ్మ లేవలేదు.

"ఒంట్లో రక్తమే లేదు. నడిచి రమ్మంటే ఇట్లా తీసుకొస్తారా? ఈ పరిస్థితిలో మందు ఎట్లా ఎక్కించాలి?" తల ఎత్తి ఓదెలును అడిగింది. "మీరు ఏమవుతారు?"

"పెనిమిటిని."

"ఈమెకు తిండి పెడుతున్నారా?"

"ఆమెనే నాకు పెడ్తది మేడమ్." ఓదెలు మంకీ క్యాప్ తీశాడు. "మందు నాకు. ఆమెకు జర నిద్ర."

డాక్టరమ్మ ఫైలు చూసింది, అతన్ని చూసింది, మళ్లీ ఫైలు చూసింది. కిటికీ దాకా వెళ్లి రమ్మంది. వెళ్లి వచ్చాడు. కుర్చీలో కూర్చొని లేవమంది. లేచాడు. రక్తపరీక్ష కాగితం చదివి, మందుకు సంతకం పెట్టింది. ఇంకో కాగితం మీద మధునమ్మకు రక్తపరీక్షలు రాసింది.

మందు ఎక్కించే వార్డులో ఓదెలు పేరు మీద ఒక మంచం ఇచ్చారు. అతను మధునమ్మను మెల్లగా లేపి, ఆ మంచం మీదికి నడిపించి పడుకోబెట్టాడు. తను పక్కనున్న స్టూలు మీద కూర్చొని చెయ్యి చాపాడు. పొద్దుటి నర్సుకు రోగి ఎవరో తెలుసు, అక్కడే సూది గుచ్చింది. కానీ మధ్యాహ్నం డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన నర్సు మంచం మీద దుప్పటి కప్పుకొని పడుకున్న మధునమ్మను, పక్కన శాలువా కప్పుకొని నిటారుగా కూర్చున్న ఓదెలును చూసింది.

"అటెండర్లు బయట ఉండాలె. మల్ల మల్ల చెప్పాల్నా? పేషెంటును రెస్ట్ తీసుకోనియ్యి."

ఓదెలు శాలువాలోంచి గొట్టం ఉన్న చెయ్యి బయటికి తీసి, పెదవుల మీద వేలు పెట్టాడు.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. ఆమె ఇప్పుడే పండుకున్నది."